చలికాలం గుడ్లు

గుడ్ల అట్టపెట్టెని కారు సీటు కింద నుంచి తీసి, కోటు లోపల దాచుకుని, ఇలేన్ కోళ్ళ గదిలోకి దొంగలా దూరింది. ఇల్లు తనది, కోళ్ళు తనవి, గుడ్లు తన జీతంతో కొన్నవి. అయినా దొంగే. వాకిట్లో మొగుడు గ్లెన్ మంచు ఊదే యంత్రం నడుపుతున్నాడు. ఆ మోత వినిపిస్తున్నంత సేపూ ఫరవాలేదు. మోత ఆగిందంటే మాత్రం ఆమె చేతులు ఆగిపోవాలి, మొహం మారిపోవాలి, గింజలు వెయ్యడానికి వచ్చినదానిలా నిలబడాలి. గడ్డి పరిచిన గూళ్ళలో ఒక్కో గుడ్డూ పెట్టి, ఖాళీ పెట్టెని మడిచి మళ్ళీ కోట్లో దోపుకుంది. కాసేపాగి గ్లెన్ బుట్ట పట్టుకొచ్చి అవే గుడ్లు ఏరుకుంటాడు. ఏరుతూ ఈల వేస్తాడు. అతను ఈల వేసిన రోజు ఇంట్లో ఊపిరి ఆడుతుంది.

కోళ్ళు ఆమె వంక చూడనైనా చూడలేదు. వాటికి ఆ ఓపిక లేదు. ఎవరో దిండు చింపి దులిపినట్టు గదంతా ఈకలు. హిల్మాకి తోక మొత్తం పోయింది. మెడ కింద, వీపు మీద ఎర్రటి చర్మం బయటపడి, అందులోంచి కొత్త ఈకలు నీలపు ములుకుల్లా పొడుచుకొస్తున్నాయి. ఆ ములుకుల నిండా నెత్తురే. ఎక్కడ చెయ్యి తగిలినా నొప్పే. ఎప్పుడూ పిలవకుండానే ఒళ్ళోకి ఎగిరి కూర్చునే హిల్మా, ఇప్పుడు చెయ్యి చాస్తే గోడకి అంటుకుపోతోంది. దాని వెనకే ఆగ్నెస్, టైనే, మిగతావీ. ఒకప్పుడు చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునే ముసలమ్మల పేర్లు ఇవన్నీ. బతికున్నన్నాళ్ళూ వాళ్ళని ఫలానా వాళ్ళావిడ అన్నారే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కోళ్ళకైనా ఆ పేర్లు ఉండనీ అనుకుంది ఇలేన్.

పగటి వెలుగు తగ్గే రోజులు రాగానే పాత ఈకలు రాల్చేసి, చలి ముదిరేలోపు కొత్తవి తొడుక్కోవడం కోళ్ళ తీరు. అన్నాళ్ళూ గుడ్లు పెట్టవు. ఒంట్లో సత్తువంతా ఈకలకే సరిపోతుంది. ఈ ఏడు గ్లెన్ దానికి ఒప్పుకోలేదు. సెప్టెంబరు రాగానే కోళ్ళ గదిలో బల్బు వేలాడదీశాడు. వెలుగుంటే వెర్రి మొహాలు ఇంకా వేసవే అనుకుంటాయి అని నవ్వాడు. అనుకున్నాయి పాపం. చెట్లన్నీ ఆకులు రాల్చుకుని నిద్రపోతుంటే ఇవి మాత్రం పెడుతూనే ఉన్నాయి. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక సరస్సు మీంచి వచ్చిన మంచు తుఫానుకి కరెంటు తీగలు తెగి, రోజుల తరబడి ఊరంతా చీకటైపోయింది. కోళ్ళకి ఇన్నాళ్ళకి రాత్రి అనేది దొరికింది. మళ్ళీ బల్బు వెలిగేసరికి ఇక వాటిని మాయ చెయ్యడం ఎవరి వల్లా కాలేదు. ఎముకలు కొరికే డిసెంబరు చలిలో ఒక్కసారిగా ఒళ్ళంతా బోడి చేసుకుని కూర్చున్నాయి.

ఇలేన్‌కి వాటిని చూస్తే జాలికంటే ముందు భయం వేసింది. ఎందుకంటే గ్లెన్ మాట ఇచ్చాడు. పెట్టడం మానేసిన రోజున కుండలోకి వెళ్ళాలి, నా ఇంట్లో ఊరికే తిని కూర్చునేవాళ్ళు ఉండరు అని వేసవిలోనే చెప్పాడు. గ్లెన్ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు, చెయ్యి చేసుకునే మనిషీ కాదు. ఊళ్ళో అడిగితే అందరూ అతన్ని బంగారం అనే అంటారు. మంచు పడిన రోజు పక్కింటి వాళ్ళ వాకిలి కూడా తీసి వస్తాడు. కానీ కూతురు క్రిస్టా చిన్నప్పుడు, అది పెంచుకుంటున్న కుందేళ్ళు బోనులో వేసిన మేత వేసినట్టే వదిలేస్తున్నాయని, తల్లీకూతుళ్ళు బడికి వెళ్ళిన పూట కోసేసి, తనే కూర వండి పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. తిన్నాక, బాగుందా అని అడిగాడు. బాగుంది నాన్నా అంది క్రిస్టా. అప్పుడు చెప్పాడు, నవ్వుతూ. ఆ పిల్ల కక్కుకుంటుంటే వీపు నిమిరింది కూడా అతనే. ఆ చెయ్యి, ఆ నిమరడం, ఇలేన్ ఈనాటికీ మర్చిపోలేదు. బడి వంటింట్లో పని ముగించుకుని ఇల్లు చేరే ప్రతి సాయంత్రం ఆమె ముందు కోళ్ళ గదిలోకే వెళ్తుంది. అన్నీ ఉన్నాయని చూసుకున్నాక గానీ కోటు విప్పదు.

అసలు ఇలేన్‌కి కంట్లో నలుసు గ్లెన్ వాళ్ళమ్మ కోళ్ళు. ఆ కోళ్ళు చచ్చి ఎన్నేళ్ళయిందో దేవుడికెరుక, కానీ ఈ ఇంట్లో ఇంకా కొక్కొరోమంటూనే ఉన్నాయి. మా అమ్మకి బల్బు లేదు, ఏమీ లేదు అంటాడు గ్లెన్. మంచు కిటికీల దాకా పేరుకున్నా ఆవిడ కోళ్ళు ఒక్క పూట మానలేదు. ఈకలు ఊడినా పెట్టేవి. మా నాన్న పొద్దున్నే వేపిన గుడ్డు లేకుండా గని పనికి వెళ్ళిందే లేదు. ఇదంతా అతను తిడుతూ చెప్పడు, మెచ్చుకుంటూ చెబుతాడు. మెచ్చుకునేది అమ్మని, తగిలేది ఇలేన్‌కి. ఇప్పుడు బోడి కోళ్ళ కింద కూడా గుడ్లు కనబడుతున్నాయి కాబట్టి అతనికి ఏ అనుమానమూ రాలేదు. చూశావా, అమ్మ కోళ్ళ రకమే ఇవీ అని పొంగిపోతున్నాడు.

ఒంట్లో అలసట ఎక్కడ మొదలవుతుందో ఇలేన్‌కి ఈమధ్య తెలుస్తోంది. స్నానం చేస్తే జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా తూము దగ్గర చేరుతోంది. బడిలో సూపు గంగాళం ముందు నిలబడి ఉండగా ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగ కమ్ముకుంటుంది, కళ్ళు తిరుగుతాయి. కొత్తగా వచ్చిన అజమాయిషీ పిల్ల, క్రిస్టా వయసుది, పిల్లలకి కాస్త నవ్వుతూ వడ్డించండి ఇలేన్, మొహం అలా పెడితే వాళ్ళు భయపడతారు అంది. నవ్వుతూనే వడ్డించింది. ఇంటికొచ్చి మళ్ళీ వండింది, తోమింది, ఉతికింది. పక్క మీద గ్లెన్ చెయ్యి వేస్తే ఒళ్ళు ముడుచుకుపోయింది. ఏమైంది నీకు, కొయ్యయిపోయావు, ఏ పనికీ రాకుండా పోతున్నావు అన్నాడు, అదీ హాస్యంగానే. అది హాస్యం కాదని ఆమె ఒంటికి తెలుసు. ఊరికే తిని కూర్చునేవాళ్ళు అన్న మాటలో కోళ్ళు ఒక్కటే లేవని కూడా తెలుసు. తెలిసినా చేసిందేమిటి? గుడ్లు కొంది.

ఆ శనివారం పొద్దున బల్ల దగ్గర గ్లెన్ గుడ్డు చిదుపుతూ, మధ్యాహ్నం అమ్మని తీసుకొస్తున్నాను, ఆవిడ చేత కోళ్ళన్నిటినీ పట్టి చూపిస్తాను అన్నాడు. కోళ్ళకి సరిపడా గుడ్లు రావడం లేదంటే ఒకటో రెండో పెట్టకుండా తిని కూర్చుంటున్నాయని అతని లెక్క. అమ్మ వేళ్ళు పెట్టి చెప్పేస్తుంది, ఏది పెడుతోందో ఏది మానిందో. మానినవాటిని రేపు కోసేద్దాం, ఆవిడకి సూపు ఇష్టం అన్నాడు. ఇలేన్‌కి తెలుసు, మానినవి ఒకటో రెండో కాదు. ఒక్కటి కూడా పెట్టడం లేదు.

శనివారం సౌనా రోజు, అంటే వేడి రాళ్ళ గదిలో ఆవిరి స్నానం. అత్తగారు సైమా ప్రతి శనివారం వచ్చి, సౌనా చేసి, కాఫీతో ఏలకుల రొట్టె తిని, చీకటి పడ్డాక వెళ్తుంది. క్రిస్టా పుట్టినప్పటి నుంచీ ఇంట్లో అందరికీ ఆవిడ మమ్మే, అంటే నానమ్మే, ఇలేన్‌కి కూడా. రొట్టె పిండి పిసుకుతున్నంత సేపూ ఇలేన్ చేతులు వాటంతట అవే పని చేశాయి, మనసు మాత్రం కోళ్ళ గది చుట్టూ తిరిగింది. కోళ్ళని కార్లో వేసుకుని ఎక్కడికైనా పోదామా అనుకుంది. ఎక్కడికి? బోడి ఒంటి కోళ్ళని చూసి ఎవరు తలుపు తీస్తారు? క్రిస్టాకి ఫోన్ చేద్దామని తీసి, పెళ్ళయి ఏడాది కూడా కాని పిల్లని ఇందులోకి లాగడం ఎందుకని పెట్టేసింది. పిండి పొంగింది. రొట్టె కాలింది. కారు వచ్చిన చప్పుడు వినిపించింది.

సైమా ఎనభై దాటిన మనిషి, పిడికెడు ఉంటుంది. మంచులో జారకుండా మేకులు కొట్టిన కర్ర పట్టుకుని, ఇంట్లోకి రాకుండా సరాసరి కోళ్ళ గదికే నడిచింది. వెనక గ్లెన్, చేతిలో దాణా గోనెసంచి. మానినవాటిని ఇందులో వెయ్యమ్మా అన్నాడు. ఇలేన్ తలుపు దగ్గర నిలబడిపోయింది. లోపలికి వెళ్తే ఏడుపొస్తుంది, బయట ఉంటే కనపడదు.

ఆ పరీక్ష ఇలేన్‌కీ తెలుసు. కోడి వెనక భాగంలో రెండు ఎముకలుంటాయి. పెడుతున్న కోడికి ఆ ఎముకల మధ్య వేళ్ళు సులువుగా ఇముడుతాయి. మానేసిన కోడికి ఒక్క వేలు కూడా పట్టదు. సైమా ఆగ్నెస్‌ని పట్టుకుని చూసింది, వదిలింది. టైనేని చూసింది, వదిలింది. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. గూట్లోంచి ఒక గుడ్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. హిల్మా వంతు వచ్చేసరికి అది దొరకలేదు. గ్లెన్ ఒక్క అంగలో వెళ్ళి రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు. ములుకుల మీద అతని వేళ్ళు బిగుసుకోగానే హిల్మా అరిచిన అరుపు కోడి అరుపులా లేదు. విరిగిన ఈక మొదట్లోంచి నెత్తురు సన్నగా కారింది. గ్లెన్ వదల్లేదు. ఇలేన్ చెయ్యి తనకి తెలియకుండానే తన భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"వదలరా, చూడక్కర్లేదు," అంది సైమా. "అన్నీ పెడుతున్నాయి. గోనె తీసెయ్."

గ్లెన్ మొహం వెలిగిపోయింది. నేను చెప్పలేదూ అన్నట్టు ఇలేన్ వంక చూసి, ఈల వేసుకుంటూ సౌనా పొయ్యి ఎగదొయ్యడానికి వెళ్ళాడు. ఇలేన్ అత్తగారి వంక చూసింది. ఎన్నో ఏళ్ళు కోళ్ళని పెంచిన మనిషి, చెయ్యి తప్పు చెప్పదు. మరి ఎందుకలా అంది? హిల్మా నెత్తురు ఆగేలా కాస్త పిండి అద్ది, గడ్డిలోకి వదిలి వచ్చింది.

గ్లెన్ సౌనా అయ్యాక ఆడవాళ్ళ వంతు. బట్టలు విప్పి పై బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు అత్తాకోడళ్ళు. సైమా రాళ్ళ మీద నీళ్ళు జల్లింది. ఆవిరి వాళ్ళిద్దరి మధ్యకీ వచ్చింది. ఆ ముసలి ఒంటి మీద చర్మం వేలాడిపోతోంది, తల మీద జుట్టు నాలుగు పోగులు. ఇలేన్ కళ్ళు తిప్పుకుంది.

"గుడ్లు ఎక్కడ కొంటున్నావు?" అంది సైమా, వాతావరణం గురించి అడిగినట్టు.

ఇలేన్ తలుపు వంక చూసింది. తలుపు అవతల గ్లెన్ ఉన్నాడేమో.

"వాడు ఇంట్లోకి వెళ్ళాడులే, బూట్ల చప్పుడు విన్నాను. కొట్లో కొంటున్నావు కదూ. కొట్టు గుడ్లు పనికిరావే పిల్లా. కడిగేసి నున్నగా ఉంటాయి, అన్నీ ఒక్క కొలత. ఎవరిదగ్గరైనా ఇంటి గుడ్లు పుచ్చుకో. ఒకటి పెద్దది పెడితే ఒకటి చిన్నది పెట్టు. ఒకదానికి కాస్త రెట్ట అంటించు. మధ్యలో ఒక పూట ఒక గూట్లో ఏమీ పెట్టకు. కోడికి కూడా సెలవు కావాలి కదా, రోజూ పెడితే మగవాడికి అనుమానం వస్తుంది."

సైమా తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు ఒక చలికాలం కోళ్ళు మానేస్తే తన మొగుడు ఏం చేశాడో చెప్పలేదు, ఆ ఒక్క ముక్కా దాటేసి, ఆ మర్నాటి నుంచి పాల బండివాడి పెళ్ళాం దగ్గర గుడ్లు కొన్నానని చెప్పింది. ఆ పాలావిడ బిడ్డలకి బట్టలు కుట్టి పెట్టి ఆ బాకీ తీర్చేదట. మొగుడు పోయిన వారానికే కోళ్ళన్నిటినీ ఎవరికో ఇచ్చేసిందట. నాకు కోళ్ళంటే ఎప్పుడూ ఇష్టం లేదు అంది నవ్వుతూ.

అంటే చలికాలంలో పెట్టే ఆ కోళ్ళు లేవు. పెళ్ళయిన నాటి నుంచీ ఇలేన్ నెత్తి మీద కూర్చుని గుడ్లు పెట్టిన ఆ మహాకోళ్ళు అసలు లేనే లేవు. ఇలేన్‌కి కోపం రావాలి, నవ్వు రావాలి, ఏదీ రాలేదు. ఆమె సైమా మొహంలోకే చూస్తోంది. అక్కడ భయం ఛాయ కూడా లేదు. ఈ మోసాన్ని జీవితమంతా చేసి చేసి, అది అన్నం వండినంత తేలికైపోయింది ఆవిడకి. తన చేతులు ఇవాళ పొద్దున కూడా వణికాయి. ఒక రోజు వణకడం మానేస్తాయి. ఆ రోజు వచ్చాక తను కూడా ఇలాగే ఇక్కడ కూర్చుని, ఇలాగే నవ్వుతుంది. గ్లెన్ చేతిలో గోనెసంచిని చూసి కూడా ఇలేన్ ఇంతగా భయపడలేదు.

"వసంతంలో క్రిస్టాకి కోడిపిల్లలు ఇస్తానన్నావుగా," అంది సైమా చెంబుతో నీళ్ళు అందుకుంటూ. "ఇది కూడా నేర్పి పంపు. ఆ అల్లుడు కూడా కాస్త లెక్కల మనిషిలాగే ఉన్నాడు. ముందే తెలిసి ఉంటే పిల్లకి సుఖం."

ఇలేన్ లేచి నిలబడింది. వేడి ఎక్కువైంది అని చెప్పి బయటికి వచ్చి, తడి ఒంటి మీదే బట్టలు వేసుకుంది.

కాఫీ బల్ల దగ్గర గ్లెన్ మంచి ఊపు మీదున్నాడు. రొట్టెకి వెన్న రాస్తూ, రంగు చూడమ్మా, ఇంటి గుడ్లు వేస్తేనే ఈ పసుపు వస్తుంది అన్నాడు. సైమా అవునంది. ఇలేన్ కాఫీ పోసి, కూజా దించి, కూర్చోకుండా నిలబడింది. ఇప్పుడు కూర్చుంటే ఇక ఎప్పటికీ లేవలేనని అనిపించింది.

"గుడ్లు నేను కొంటున్నాను గ్లెన్. కోళ్ళు పెట్టడం లేదు. కరెంటు పోయినప్పటి నుంచీ ఒక్కటీ పెట్టలేదు. ఈకలు వచ్చి, ఒళ్ళు కుదుటపడేదాకా పెట్టవు."

గ్లెన్ వెన్న కత్తి నెమ్మదిగా పళ్ళెం అంచున పెట్టాడు. అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. అయితే మా అమ్మ చెయ్యి అబద్ధం చెప్పిందా అని అడిగాడు. ఇలేన్ ఈ మాట వస్తుందని ఆలోచించలేదు. తన నిజం చెప్పుకోబోయి ముసలామెని ఇరికించేసింది. ఆవిడని ఇందులోకి లాగకు, కొన్నది నేను, పెట్టింది నేను అంది. గ్లెన్ తల పంకించి, లేచి, మూల పడేసిన గోనెసంచి అందుకున్నాడు.

అతనికంటే ముందు ఇలేన్ తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"వాటిని నువ్వు తాకవు," అంది. "పెట్టినా, పెట్టకపోయినా. రేపే కాదు, నేను బడికి వెళ్ళిన పూట కూడా తాకవు. ఒక్కటి తగ్గిందా, నేను ఈ ఇంట్లో ఉండను."

గ్లెన్‌కి కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసే ఇలేన్ ఇన్నేళ్ళు అన్ని మాటలూ మింగింది. అతను గోనె చంకలో పెట్టుకుని, తల్లి వైపు తిరిగి, చూశావా అమ్మా, బుద్ధి చెప్పు దీనికి అన్నాడు. నువ్వు ఆ కటిక చలిలో, బల్బు లేకుండా, దాణా లేకుండా మా నాన్నకి రోజూ గుడ్డు పెట్టలేదూ? చెప్పు, వింటుంది.

సైమా చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడింది. ఆవిడ కొడుకు మొహం చూడలేదు, కొడుకు చేతులు చూసింది. ఇలేన్ గుర్తుపట్టింది. తను చూసేదీ ఆ చేతులనే, ఇలాగే. కన్న కొడుకు చేతుల్ని ఆవిడ అలా చూస్తుందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. గ్లెన్ ఇంకా నవ్వుతూనే ఎదురు చూస్తున్నాడు. సైమా కప్పుని రెండు చేతులా పట్టుకుని బల్ల మీద పెట్టింది.

"లేదురా," అంది. "అవీ కొన్నవే. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనంటే భయపడి చెప్పలేదు. ఆయన పోయాక, నువ్వంటే భయపడి చెప్పలేదు."